గ్యాస్ పిస్టల్‌కి ఏ నూనె వేయాలి? చవకగా, రబ్బరు పాడవకుండా ఉండేది చెప్పండి

ప్లేనో_నాన్న
మా వాడికి పదిహేనేళ్లు. ఎయిర్‌సాఫ్ట్, అంటే ప్లాస్టిక్ గుళ్లు పేల్చే బొమ్మ తుపాకుల ఆట, మొదలుపెట్టి నాలుగు నెలలైంది. వాడిని దింపి రావడానికి వెళ్లిన నేనూ ఆటలో దిగాను. ఇక్కడ టెక్సస్‌లోనే ఒక ఆటగాడి దగ్గర గ్యాస్ బ్లోబ్యాక్ పిస్టల్ (పేల్చిన ప్రతిసారీ గ్యాస్ తోపుకి పైభాగం, అంటే స్లైడ్, వెనక్కి కదిలేది) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, గుళ్లూ గ్యాసూ నింపే రెండు మ్యాగజైన్లతో. స్లైడ్ కాస్త బిర్రుగా కదులుతోందని, గరాజ్‌లో ఉన్న తుప్పు వదిలించే స్ప్రే తీసి స్లైడ్‌కీ, మ్యాగజైన్ వాల్వ్‌కీ, బ్యారెల్ లోపలికీ కొట్టాను. ఆ రోజంతా బ్రహ్మాండంగా నడిచింది.

రెండు వారాలు తిరిగేసరికి ఒక మ్యాగజైన్ రాత్రి గ్యాస్ నింపి పెడితే పొద్దున్నకి ఖాళీ. బీబీలు, అంటే ఆ ప్లాస్టిక్ గుళ్లు, పది మీటర్లు వెళ్లి ఒకటి నేల మీద పడుతోంది, ఇంకోటి చెట్టెక్కుతోంది. స్లైడ్ వెనక ప్లాస్టిక్ మీద వెంట్రుకల్లాంటి తెల్ల గీతలు వచ్చాయి.

షాపులో అడిగితే ఎయిర్‌సాఫ్ట్ ఆయిల్ అని 30 మిల్లీలీటర్ల సీసా 12 డాలర్లు చెప్పారు. అంత చిన్న సీసాలో అంత ఏముంది? మా వాట్సాప్ గ్రూపులో ఒకరు కుట్టు మిషన్ నూనె అన్నారు, ఒకరు వ్యాజలీన్, ఒకరు కొబ్బరి నూనె. ఈసారి ఎవరి మాటా గుడ్డిగా నమ్మదల్చుకోలేదు. ఏది వేయాలి, ఎందుకు వేయాలి, రెండూ చెప్పండి.

బీబీ_బాబ్జీ
గ్రీన్ గ్యాసా, సీఓ2నా? మ్యాగజైన్‌లో గ్యాస్ ఎక్కడినుంచి పోతోందో చూశారా?

ప్లేనో_నాన్న
గ్రీన్ గ్యాస్. ఎక్కడినుంచో తెలీదు. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా బుస్సుమంటోంది.

ఓరింగ్_ఓబులేసు
ఆ బుస్సే అసలు సంగతి అన్నా. గ్యాస్ మ్యాగజైన్‌లో రబ్బరు ఉండే చోట్లు మూడు. అడుగున గ్యాస్ నింపే వాల్వ్, వెనకవైపు గ్యాస్ వదిలే వాల్వ్, కింద మూత దగ్గర గ్యాస్కెట్. సబ్బు నీళ్లు నురగ చేసి మూడు చోట్లా తలో చుక్క వేయండి. ఎక్కడ బుడగ ఉబ్బితే అక్కడే లీకు. సైకిల్ ట్యూబు పంచరు చూసినట్టే.

ఇక సీసాలో ఏముంది అన్నారు కదా, సిలికాన్ ఆయిల్. నూటికి తొంభై పాళ్లు అంతే. రంగు, వాసన ఉండవు, ఎండకీ చలికీ పెద్దగా మారదు, మామూలు ఓ-రింగులనీ (సందు మూసే గుండ్రటి రబ్బరు వాషర్లు) ప్లాస్టిక్‌నీ ఏమీ అనదు. మీరు వాడే గ్రీన్ గ్యాస్ కూడా నిజానికి ప్రొపేన్‌లో కాస్త సిలికాన్ ఆయిల్ కలిపిందే. అంటే గ్యాస్ నింపిన ప్రతిసారీ లోపలి సీల్స్‌కి కొంచెం అందుతూనే ఉంది. అందుకే చాలామంది అవసరానికి మించి వేసేస్తారు.

డబ్బు సంగతికొస్తే, రిమోట్ కార్ల షాపులో షాక్ ఆయిల్ అడగండి. అదీ సిలికాన్ ఆయిలే. నేను వాడేది 30 వెయిట్ (అది చిక్కదనం లెక్క), రెండు ఔన్సుల సీసా, అంటే 59 మిల్లీలీటర్లు. నాకు 6 డాలర్లు పడింది. మూడేళ్లయింది, సగం కూడా అవలేదు.

రెంచి_రాజు
నేను ఫ్రిస్కోలో ఉంటాను, ఇరవై ఏళ్లుగా బండ్లు విప్పుతున్నాను. నా ఏకే ఎలక్ట్రిక్ రైఫిల్‌కి ఆరేళ్లుగా ఇంజిన్ ఆయిలే వేస్తున్నా, ఏమీ కాలేదు. కారు ఇంజిన్‌లో సీల్స్ రబ్బరు కాదా? వేడి వేడి నూనెలో రోజంతా నానుతాయి, లక్ష మైళ్లు తిరుగుతాయి. సిలికాన్, సిలికాన్ అని భయపెట్టి సీసాలు అమ్ముకుంటున్నారు.

బీబీ_బాబ్జీ
రాజన్నా, ఎలక్ట్రిక్ గన్ వేరు, గ్యాస్ మ్యాగజైన్ వేరు.

రెంచి_రాజు
రబ్బరు రబ్బరే కదా తమ్ముడూ.

కెమిస్ట్రీ_సుధ
రబ్బరు రబ్బరే కాదు రాజు గారూ, తేడా అక్కడే ఉంది. నేను పాలిమర్స్ చదువుకున్నాను, ఈ విషయంలో రోజూ తలనొప్పి చూస్తుంటాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

మీ కారు సీల్స్‌లో చాలావరకు నైట్రైల్, ఇంకా ఖరీదైనవైతే వైటాన్. ఈ రెండూ పెట్రోలియం నూనెకి తట్టుకునేలా ఎంచుకున్నవే. కాబట్టి మీరు చెప్పింది కారు వరకు నిజం. అదే సహజ రబ్బరు మీదో, ఈపీడీఎం అనే ఇంకో రకం రబ్బరు మీదో మినరల్ ఆయిల్, అంటే కుట్టు మిషన్ నూనె లాంటి పెట్రోలియం నూనె, పోస్తే నూనె రబ్బరు లోపలికి దిగి అది ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. కొలత మారిన ఓ-రింగ్ తన గాడిలో సరిగ్గా కూర్చోదు. ఎయిర్‌సాఫ్ట్ మ్యాగజైన్‌లో ఏ కంపెనీ ఏ రబ్బరు పెట్టిందో డబ్బా మీద రాయరు. సెకండ్ హ్యాండ్ అయితే ముందు యజమాని ఏ రింగు మార్చాడో దేవుడికే తెలియాలి. తెలియనప్పుడు ఎక్కువ రకాలకి పడే నూనె వాడతాం. ఇక్కడ అది సిలికాన్.

రెండోది, ప్లేనో_నాన్న గారి స్ప్రేలో ఉన్నది నూనె ఒక్కటే కాదు. తుప్పు వదిలించే స్ప్రేలలో ఎక్కువ భాగం సాల్వెంట్, అంటే జిడ్డుని కరిగించే ద్రవం. అది లోపల ఉన్న మంచి జిడ్డునంతా కడిగేసి ఆవిరైపోతుంది. ఆ రోజు బాగా నడిచి తర్వాత ఎండిపోవడం అందుకే. ప్లాస్టిక్ మీద తెల్ల గీతలు కూడా సాల్వెంట్ పనే అయి ఉంటుంది. బిగుతు మీద ఉన్న ప్లాస్టిక్‌కి సాల్వెంట్ తగిలితే సన్నగా చిట్లుతుంది. మరలు బిగించిన చోట్ల, మూలల దగ్గర ముందు కనిపిస్తుంది. గీతలు అక్కడే ఉన్నాయా?

ఇంకో మాట, ఇది గన్ కంటే ముఖ్యం. గాగుల్స్ అద్దం పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. దానికీ ఈ గతి పడుతుంది. ఏ స్ప్రే అయినా గాగుల్స్ ఉన్న బల్ల మీద కొట్టొద్దు. పైకి గీత కనపడకపోయినా అద్దం పెళుసెక్కి ఉండొచ్చు. పిల్లవాడి కన్ను దాని వెనకే ఉంటుంది.

ప్లేనో_నాన్న
గీతలు సరిగ్గా మర చుట్టూనే ఉన్నాయమ్మా. మీరు చెప్పాక వెళ్లి చూశాను. గాగుల్స్ ఆ రోజు అదే బల్ల మీద ఉన్నాయో లేదో గుర్తు లేదు. కొత్త జత కొంటున్నాను. కళ్ల రక్షణకి అమెరికా ప్రమాణం జడ్87.1 ముద్ర ఉన్నవే కదా?

కెమిస్ట్రీ_సుధ
అవును, పక్కన ప్లస్ గుర్తు కూడా ఉండాలి. వేగంగా వచ్చి తగిలే వాటికి పరీక్ష చేశారని దాని అర్థం. మంచి పని చేశారు.

కొత్త_పోరగాడు
డబ్ల్యూడీ-40 కూడా అదే కోవలోకి వస్తుందా? మా హాస్టల్‌లో అన్నిటికీ అదే మందు. సైకిలుకి, తాళానికి, కుర్చీకి.

ఓరింగ్_ఓబులేసు
పేరులోనే ఉంది తమ్ముడూ. నీటిని తోసేసే మందు, నలభయ్యో ప్రయత్నం అని దాని అర్థం. 1953లో శాన్ డీగోలో తయారుచేశారు, లోహం మీద తేమ లేకుండా తుప్పు ఆపడానికి. ఆ పనికి అది మంచి సరుకే. రబ్బరు సీల్స్‌కి జిడ్డు ఇవ్వడం దాని పని కాదు. గన్‌లో ఇనుప స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుంటే, ఆ స్క్రూ బయటికి తీసి దానికి వాడుకో. వాల్వ్ దగ్గరికి తేకు.

ఒక తికమక ఉంది, చూసుకో. అదే కంపెనీ సిలికాన్ స్ప్రే కూడా అమ్ముతుంది. పేరు అదే, డబ్బా వేరు, లోపలి సరుకు వేరు. పేరు చూసి కాదు, వెనక రాసింది చదివి కొనాలి.

యోకోహామా_వాసు
వెనక రాసింది చదవడం అంటే ఇక్కడి వాళ్లే గుర్తొస్తారు. జపాన్‌లో హార్డ్‌వేర్ షాపులో సిలికాన్ స్ప్రే రెండు రకాలు ఉంటుంది. ఒకదాంట్లో సాల్వెంట్ కలుపుతారు, రెండోదాని మీద సాల్వెంట్ లేనిది అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. నాతో ఆడే పెద్దాయన మొదటి రోజే నా చేతిలోది లాక్కుని అల్మారాలో పెట్టేసి రెండోది ఇచ్చాడు. ధరలో తేడా మన లెక్కన వంద రూపాయలు కూడా లేదు.

ఎలక్ట్రిక్ గన్ పుట్టిందే ఇక్కడ. 1991లో టోక్యో మారుయి కంపెనీ వాళ్లు ఫమాస్ అనే ఫ్రెంచ్ రైఫిల్ మోడల్‌తో మొదలుపెట్టారు. 2006 నుంచి 6 మిల్లీమీటర్ల బీబీ కొట్టే గన్‌కి బీబీ శక్తి 0.98 జౌల్ దాటకూడదని చట్టం. పవర్ పెంచుకునే వీలు లేదు కాబట్టి ఇక్కడివాళ్లు ఉన్నదాన్ని శుభ్రంగా ఉంచడం మీదే పడతారు. ఆట అయ్యాక అందరూ చాప మీద కూర్చుని బ్యారెల్స్ తుడుచుకుంటుంటే చూడముచ్చటగా ఉంటుంది. ఒక్కరి బ్యారెల్‌లో కూడా నూనె చుక్క ఉండదు.

కొత్త_పోరగాడు
బ్యారెల్‌లో నూనె ఉండకూడదా? జారితే ఇంకా వేగంగా వెళ్తుంది కదా?

యోకోహామా_వాసు
బీబీని వెనక్కి తిప్పుతూ వదలాలి, అప్పుడే అది గాలిలో తేలుతూ దూరం వెళ్తుంది. ఆ తిప్పు ఇచ్చేది పైన ఉండే హాప్-అప్ రబ్బరు. దానికి బీబీ మీద పట్టు ఉండాలి. నూనె తగిలితే పట్టు జారుతుంది. ఒక బీబీకి నూనె ఎక్కువ అంటుతుంది, ఇంకోదానికి తక్కువ. ప్లేనో_నాన్న గారికి ఒకటి నేల మీద, ఒకటి చెట్టు మీద పడేది ఇందుకే.

ఓరింగ్_ఓబులేసు
దీనికి మందు సులువు. హాప్-అప్ రబ్బరు బయటికి తీసి, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో వేసి, వేళ్లతో మెల్లగా రుద్ది కడిగి, నీడన ఆరబెట్టండి. బ్యారెల్‌లోకి పొడి గుడ్డ చుట్టిన కడ్డీ దూర్చి, గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా తుడవండి. బీబీ 5.95 మిల్లీమీటర్లు, లోపలి బ్యారెల్ మామూలుగా 6.03 నుంచి 6.08 దాకా ఉంటుంది. మధ్యలో ఉన్నది వెంట్రుకంత సందు. దారప్పోగు మిగిలినా తెలిసిపోతుంది, పోగులు రాలని గుడ్డ తీసుకోండి. మొదటి నలభై యాభై బీబీలు కాస్త అటూ ఇటూ పోవచ్చు, తర్వాత సర్దుకుంటుంది.

కెమిస్ట్రీ_సుధ
ఓబులేసు గారు చెప్పినదానికి చిన్న చేర్పు. కొన్ని హాప్-అప్ రబ్బర్లు సిలికాన్‌తోనే చేస్తారు. సిలికాన్ రబ్బరుకి సిలికాన్ నూనె పడదు, పీల్చుకుని ఉబ్బుతుంది. కాబట్టి దానికి సిలికాన్ మంచిదేలే అని కూడా వేయొద్దు. హాప్-అప్‌కి ఏ నూనే వద్దు.

చాలామంది ఆల్కహాల్‌తో తుడిస్తే సిలికాన్ పోతుందనుకుంటారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సిలికాన్ నూనె సరిగ్గా కరగదు. గుడ్డతో తుడిచి లాగెయ్యడమే నయం.

పెద్దాపురం_పిల్లోడు
కొబ్బరి నూనె అన్నవాళ్ల తరఫున ఎవరూ మాట్లాడరేంటి! మా అమ్మ తలకీ అదే, తలుపు గడియకీ అదే. చలికాలం పొద్దున్నే సీసా ఎండలో పెట్టాలి, అంతే.

ఓరింగ్_ఓబులేసు
ఆటకి వెళ్లి మ్యాగజైన్లు ఎండలో ఆరబెట్టుకుంటూ కూర్చుంటావా బాబూ.

కెమిస్ట్రీ_సుధ
నవ్వులాట పక్కన పెడితే, కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. గ్యాస్ బయటికి దూకినప్పుడు మ్యాగజైన్ చల్లబడుతుంది, చేతికి తెలుస్తుంది కూడా. టెక్సస్ ఎండలో కూడా వాల్వ్ దగ్గర అది పేరుకుంటుంది. పైగా వంటనూనెలు గాలికి పాతబడి బంకగా మారతాయి. పోపు డబ్బా మూత మీద జిగురు చూశారా, ఆ జిగురే స్ప్రింగుల మధ్య తయారవుతుంది.

పెద్దాపురం_పిల్లోడు
ఆముదం అడుగుదామనుకుని ఆగిపోయాను. మా తాత ఎడ్లబండి ఇరుసుకి గడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి కందెన పెట్టేవాడు. రావి చెక్క పుల్లతో తీసి ఇరుసు చుట్టూ రాసేవాడు. బండి చప్పుడు మారితే చాలు, మంచంలోంచే చెప్పేవాడు కందెన అయిపోయిందని. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది.

కెమిస్ట్రీ_సుధ
మీ తాతగారు సరైనదే వాడారు. చెక్క, ఇనుము, నెమ్మదిగా తిరిగే చక్రం, బరువు. చిక్కగా అంటుకుని ఉండేది కావాలి. ఆముదం చాలా చిక్కటి నూనె, లోహానికి బాగా అంటుకుంటుంది. చిత్రం ఏంటంటే సహజ రబ్బరుకి కూడా అది పడుతుంది, పాతకాలం బ్రేక్ ఫ్లూయిడ్లలో ఆముదం ఉండేది. కానీ పిస్టల్ వాల్వ్‌లో అంత చిక్కటిది పడితే కదలదు, పాతబడితే బంకలా పట్టేస్తుంది. అక్కడ పల్చటిదే కావాలి.

నిజాంపేట్_షూటర్
నాది ఎయిర్‌సాఫ్ట్ కాదు, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. 2012 లండన్‌లో మన గగన్ నారంగ్ కంచు పతకం కొట్టిన ఈవెంట్. క్లబ్బులో నేర్చుకుంటున్నాను, ఈ మధ్యే సొంత రైఫిల్ తీసుకున్నాం. మీరు చెప్పే సిలికాన్ ఆయిల్ దీనికీ వేయొచ్చా? ఒక సీనియర్ మెషిన్ ఆయిల్ వేసుకో, ఏమీ కాదన్నాడు.

ఓరింగ్_ఓబులేసు
గాలి సిలిండర్ ఉన్న రైఫిలేనా?

నిజాంపేట్_షూటర్
అవును అన్నా, 200 బార్ ఒత్తిడి.

ఓరింగ్_ఓబులేసు
అయితే మెషిన్ ఆయిల్ మాట మర్చిపో. 200 బార్ గాలిలో పెట్రోలియం నూనె ఉంటే, గాలి ఒక్కసారిగా నొక్కుకున్నప్పుడు పుట్టే వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. డీజిల్ ఇంజిన్ నడిచేది ఈ సూత్రం మీదే. సిలిండర్‌లోకీ, గాలి నింపే నోటిలోకీ నూనె చుక్క పోకూడదు. లోపలి సీల్స్ సంగతి రైఫిల్‌తో వచ్చిన పుస్తకంలో ఏం రాసి ఉంటే అదే, సర్వీసు చేసేవాళ్లే చూడాలి. నువ్వు బయట తుడుచుకో, బ్యారెల్‌లోకి తుడిచే ఫెల్ట్ ముక్కలు వేసుకో, చాలు.

నిజాంపేట్_షూటర్
అడిగి మంచి పని చేశాను. ఆయనకి కూడా చూపిస్తాను ఇది.

ఏఈజీ_ఆనంద్
రాజు గారి ఏకే విషయానికి వస్తాను, ఎందుకంటే ఆయన చెప్పింది సగం నిజం. ఎలక్ట్రిక్ గన్ గేర్‌బాక్స్‌లో ఉక్కు పళ్ల మీద ఉక్కు పళ్లు రాసుకుంటాయి. అక్కడ సిలికాన్ ఆయిల్ దండగ. ఉక్కు మీద ఉక్కు ఒత్తిడి పడితే సిలికాన్ పొర నిలవదు, పక్కకి తప్పుకుంటుంది. అక్కడికి గ్రీజే కావాలి. సిలికాన్ ఒక్కటే అన్నిటికీ అని నేర్చుకుని గేర్లు అరగ్గొట్టుకున్నవాళ్లని ఇద్దర్ని చూశాను.

తెల్ల లిథియం గ్రీజు గేర్లకి బాగుంటుంది. ఆటో పార్ట్స్ షాపులో ట్యూబు దొరుకుతుంది. కానీ లిథియం అనేది అందులో చిక్కదనం కోసం వేసే సబ్బు. మిగతాది మామూలుగా మినరల్ ఆయిలే. కాబట్టి అదే వేలితో పిస్టన్ ఓ-రింగ్ ముట్టుకోవద్దు. సిలిండర్, పిస్టన్ తల, నాజిల్ ఈ మూడింటికీ సిలికాన్ గ్రీజు. కొళాయి రిపేరుకి వాడే ప్లంబర్ గ్రీజు దొరుకుతుంది చూడండి, సిలికాన్ అని రాసి ఉన్నది, నాకు ఒక ఔన్సు డబ్బా 5 డాలర్లకి వచ్చింది. తాగే నీళ్ల కొళాయిలకి వేసేది కాబట్టి రబ్బరు వాషర్లకి పడేలాగే చేస్తారు.

కొలత చెప్తాను, అందరూ తప్పేది ఇక్కడే. ఒక్కో గేరుకి పెసరగింజంత గ్రీజు. పళ్లకి అద్ది, చేత్తో తిప్పి, ఎక్కువైంది తుడిచేయాలి. పళ్ల మధ్య తడి మెరుపు కనిపించాలి గానీ తెల్లటి ముద్ద కనపడకూడదు. ముద్ద ఉంటే మోటారు తిరిగినప్పుడు చిమ్మి స్విచ్ కాంటాక్టుల మీద పడుతుంది. మోటారు లోపల బ్రష్‌ల దగ్గర ఏదీ వేయొద్దు. పాత గ్రీజు పూర్తిగా తీయకుండా పైన కొత్తది పూయొద్దు, రెండు రకాలు కలిస్తే పల్చబడి కారిపోవచ్చు.

విప్పేముందు మ్యాగజైన్ తీసి, లోపల బీబీ లేదని చూసి, బ్యాటరీ పీకి పక్కన పెట్టండి. గేర్‌బాక్స్ మూత తీసినప్పుడు స్ప్రింగు ఎగిరి మొహానికి వస్తుంది, గాగుల్స్ పెట్టుకునే తీయండి. కొత్త గన్ అయితే ఏడాది దాకా అసలు విప్పకండి.

రెంచి_రాజు
ఆరేళ్లు నడవడానికి కారణం గేర్లకి నూనె అందడమేనన్నమాట. మరి ఓ-రింగ్ ఏమవలేదే?

ఏఈజీ_ఆనంద్
మీది నైట్రైల్ అయి ఉంటుంది. క్రోనో, అంటే బీబీ వేగం కొలిచే యంత్రం, మీద ఎంత చూపిస్తోంది?

రెంచి_రాజు
మొదట్లో 0.20 గ్రాముల బీబీతో సెకనుకి 370 అడుగులు ఉండేది. పోయిన నెల 320.

ఏఈజీ_ఆనంద్
యాభై అడుగులు పోయింది. స్ప్రింగు అలసిపోయి ఉండొచ్చు, గాలి లీకు కూడా ఉండొచ్చు. పిస్టన్ తలని సిలిండర్‌లో పెట్టి నాజిల్ చివర వేలు మూసి నొక్కండి. గాలి బిగబట్టినట్టు ఆగితే సీల్ బాగున్నట్టు. మెల్లగా దిగిపోతే లీకు.

బర్మింగ్‌హామ్_బావ
ఇంకా చవక దారి ఒకటుంది. ట్రెడ్‌మిల్ బెల్టు కింద వేసే నూనె. మా ఇంట్లో మిషన్ మీద బట్టలు ఆరేస్తున్నాం, నూనె సీసా మాత్రం కొత్తగా పడి ఉంది. నూరు శాతం సిలికాన్ అని రాసి ఉంటే అదే సరుకు. మైనమో సాల్వెంటో కలిపినవి కూడా ఉంటాయి, అవి వద్దు. ఇక్కడి చలిలో మరీ చిక్కటిది వాడితే స్లైడ్ మొరాయిస్తుంది, పల్చటిది చూసుకోండి.

లక్ష్మి_ఇర్వింగ్
మగవాళ్లంతా గన్ గురించే మాట్లాడుతున్నారు, నేను ఇంటి గురించి చెప్తాను. పోయిన సంక్రాంతికి మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. మా ఆయన, అబ్బాయి కలిసి హాల్లో కూర్చుని సిలికాన్ స్ప్రే కొట్టుకున్నారు. టైల్స్ మీద పడింది కంటికి కనపడదు. గంట తర్వాత అమ్మ కాఫీ గ్లాసుతో అటు నడిచి, పాదం కింద నేల లేనట్టు పడిపోయింది. మణికట్టు బెణికి మూడు వారాలు కట్టు. జడ కూడా వేసుకోలేకపోయింది పాపం. సబ్బు నీళ్లతో మూడుసార్లు కడిగితే గానీ ఆ జారుడు పోలేదు.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే స్ప్రే వద్దే వద్దు. చుక్కల సీసా తీసుకోండి. కింద అట్టముక్క పరుచుకోండి.

కెమిస్ట్రీ_సుధ
అయ్యో. అమ్మగారు ఇప్పుడు బాగున్నారా అక్కా? మీరు చెప్పింది చాలా నిజం. ఇంకోటి, మన గరాజ్‌లలో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే చాలావాటిలో కింద చిన్న మంట వెలుగుతూ ఉంటుంది. స్ప్రే డబ్బాల్లో తోసే గ్యాస్ చాలావరకు మండేదే. ప్రొపేన్ గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది. తలుపు మూసిన గరాజ్‌లో మ్యాగజైన్ నింపొద్దు, లీకవుతున్నదైతే అసలే వద్దు. బయట నింపండి.

లక్ష్మి_ఇర్వింగ్
బాగుంది అమ్మా, తెనాలి వెళ్లిపోయింది. ఫోన్‌లో ఇప్పటికీ "ఆ నూనె తీసేశారా" అని అడుగుతుంది.

బీబీ_బాబ్జీ
నింపిన మ్యాగజైన్లు కారులో వదిలేయకండి. ప్రొపేన్ ఒత్తిడి 21 డిగ్రీల దగ్గర 110 పీఎస్ఐ చుట్టూ ఉంటుంది. జులై మధ్యాహ్నం డాలస్‌లో మూసిన కారులో ఎంతవుతుందో ఊహించుకోండి. కొత్త సీల్స్ కూడా పాడైపోతాయి.

కొత్త_పోరగాడు
ఇంట్లో పెట్టేటప్పుడు ఖాళీ చేసి పెట్టాలా?

బీబీ_బాబ్జీ
పూర్తిగా కాదు. కాస్త గ్యాస్ ఉంచితే సీల్స్ ఒత్తుకుని ఉంటాయి, దుమ్ము పోదు. బీబీలు మాత్రం తీసేయ్.

ప్లేనో_నాన్న
వారం తర్వాత వచ్చాను. మీరందరూ చెప్పినట్టే చేశాం, మా వాడే చేశాడు, నేను పక్కన కూర్చున్నాను.

పెరట్లో అట్ట పరిచి సబ్బు నురగ వేశాం. వెనక వాల్వ్ దగ్గర ఏమీ లేదు. కింద మూత దగ్గర ఏమీ లేదు. అడుగున నింపే వాల్వ్ దగ్గర ఆవగింజంత బుడగ లేచి, మెల్లగా శనగగింజంతై పగిలింది, మళ్లీ లేచింది. మా వాడు కేకేశాడు. మిగిలిన గ్యాస్ అక్కడే బయటికి వదిలేసి, వాల్వ్ విప్పే తాళంచెవి పెట్టి వాల్వ్ తీశాం. పాత ఓ-రింగ్ కొత్తదాని పక్కన పెడితే కంటికే తెలుస్తోంది, పాతది లావుగా, జిడ్డు నలుపులో ఉంది. గోరుతో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. కొత్తది నొక్కితే వెంటనే లేచింది. సుధ గారు చెప్పిన ఉబ్బడం అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. ఇది నూనె వేస్తే బాగయ్యేది కాదు కదా?

కెమిస్ట్రీ_సుధ
కాదు. అంతలా ఉబ్బింది మళ్లీ మామూలవ్వదు. మార్చడమే.

ప్లేనో_నాన్న
మార్చాం. సీల్స్ సెట్ 4 డాలర్లు. కొత్త రింగుకి అగ్గిపుల్ల కొసతో 30 వెయిట్ షాక్ ఆయిల్ అంటించాం. రెండో మ్యాగజైన్‌కి నింపే వాల్వ్‌లో ఒకే చుక్క వేసి గ్యాస్ పెట్టాం. హాప్-అప్ రబ్బరు కడిగి ఆరబెట్టాం, బ్యారెల్‌లో మొదటి గుడ్డ గోధుమరంగులో వచ్చింది, అయిదోది తెల్లగా వచ్చింది. స్లైడ్ కమ్ములకి పల్చగా సిలికాన్ గ్రీజు.

రెండు మ్యాగజైన్లూ రాత్రి బయట షెడ్డులో పెట్టాం. పొద్దున్న మా వాడు పళ్లు తోముకోకముందే వెళ్లి చూశాడు. రెండిట్లో గ్యాస్ ఉంది. బీబీలు పెరట్లో పెట్టిన డబ్బాకి వరసగా తగిలాయి.

తెల్ల గీతలు వచ్చిన ముక్కకి కొత్తది ఆర్డరు పెట్టాను, అది వచ్చేదాకా పిస్టల్ ఆటకి తీసుకెళ్లడం లేదు. నూనె ఒక సీసా, గ్రీజు, సీల్స్ అన్నీ కలిపి 15 డాలర్లయింది.

ఓరింగ్_ఓబులేసు
పెరట్లో కొట్టేటప్పుడు కంచె పైనుంచి పక్కింటివాళ్లకి కనపడకుండా చూసుకోండి అన్నా. పిస్టల్ ఆకారం దూరం నుంచి చూస్తే ఎవరికైనా నిజమైనదే అనిపిస్తుంది. ముందే ఒక మాట చెప్పి ఉంచితే మంచిది.

ప్లేనో_నాన్న
అటుపక్క ఆయనకి చెప్పాను. ఇటుపక్క ఇంటికి ఈ రోజు వెళ్తాను.

రెంచి_రాజు
ఆనంద్ చెప్పినట్టు వేలు మూసి నొక్కి చూశాను. మెల్లగా దిగిపోయింది. తీసి చూస్తే పిస్టన్ ఓ-రింగ్ ఒకవైపు చదునుగా అయిపోయి ఉంది. నూనె వల్లో వయసు వల్లో చెప్పలేను గానీ కొత్తది వేసి, సిలికాన్ గ్రీజు రాసి, గేర్లకి లిథియం పెట్టాను. క్రోనోలో 358 వచ్చింది. గేర్ల చప్పుడు కూడా తగ్గింది.

ప్లేనో_నాన్న గారూ, ఆ షాక్ ఆయిల్ ఏ షాపులో తీసుకున్నారు? మా పక్క షాపులో 50 వెయిట్ తప్ప లేదంటున్నారు.

ప్లేనో_నాన్న
రెండు సీసాలు తెచ్చాను రాజు గారూ, ఒకటి మూత కూడా తీయలేదు. శనివారం ఫీల్డుకి వస్తే తీసుకోండి. మా వాడు మీ ఏకే చూడాలంటున్నాడు.